దిబ్బరొట్టె విషయమై స్పష్టత కోరుట

ఆ క్యాన్సరు ఆసుపత్రిలో కీమో వార్డుకి ఒక్కటే తలుపు, తలుపుకి రెండు రెక్కలు. ఎడమ రెక్క మీద నీలం అక్షరాలతో ఒక బోర్డు ఉంది: 'చికిత్సకు వచ్చు రోగులు విధిగా పదహారు గంటలు ఉపవాసముండి రావలెను.' కుడి రెక్క మీద ఎర్ర అక్షరాలతో ఇంకో బోర్డు ఉంది: 'చికిత్సకు వచ్చు రోగులు విధిగా ఆహారము తీసుకొనియే రావలెను.' రెండింటి కిందా ఒకటే సంతకం, ఒకటే ముద్ర. తలుపు బార్లా తీసి ఉన్నన్నాళ్లూ రెండు బోర్డులూ గోడల వైపు తిరిగి ఉండేవి కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. వార్డులో ఏసీ పెట్టించాక తలుపు ఎప్పుడూ మూసి ఉంచాలని మరో ఉత్తర్వు వచ్చింది. అప్పట్నుంచి జనం చదవడం మొదలుపెట్టారు.

ఆ శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి నేలపూడి మంగతాయారు ఆ తలుపు ముందు నిలబడి రెండు బోర్డులూ రెండేసిసార్లు చదివింది. ముప్పై ఒక్క ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ప్రభుత్వం వారి వాక్యాలు చదవడం ఆమెకి కొత్త కాదు. పక్కన ఆమె మొగుడు పేర్రాజు, కాలవ తూముల దగ్గర లస్కరుగా చేసి రిటైరైనవాడు, చంకలో ఒక స్టీలు డబ్బా ఇరికించుకుని నిలబడ్డాడు.

"ఏటంటన్నాయే ఇవి?" అన్నాడు.

"తినొద్దంటున్నారు. తినకుండా రావద్దంటున్నారు."

"అయితే ఏం చేద్దాం?"

"అదే చూస్తున్నాను" అంది మంగతాయారు.

ఆ డబ్బాలో దిబ్బరొట్టె ఉంది. దాని సంగతి చెప్పాలి. మంగతాయారుకి మొత్తం ఆరు కీమోలు రాశారు, ఇది నాలుగోది. కీమో అయిన సాయంత్రం నుంచి పది పన్నెండు రోజులపాటు ఆమె నోటికి ఏ రుచీ తెలియదు. అన్నం తింటే ఇనప ముక్క నమిలినట్టు, చారు తాగితే కుళాయి తుప్పు తాగినట్టు ఉంటుంది. మళ్లీ నాలుక దారిలో పడేసరికి ఇంకో కీమో వచ్చేస్తుంది. అంచేత కీమోకి ముందు తినే ఆ ఒక్క టిఫినే ఆమెకి పండగ. ఈసారి ఏం తినాలని ఉందని పేర్రాజు అడిగితే, దిబ్బరొట్టె, మూకుట్లో సన్నసెగ మీద కాల్చినది, అంచులు కరకరలాడాలి అని చెప్పింది. నలభై ఏళ్ల కాపురంలో పేర్రాజు కాఫీ కూడా పెట్టి ఎరగడు. అలాంటివాడు పక్కింటావిడ దగ్గర కూర్చుని నేర్చుకుని, రెండు రొట్టెలు పాడుచేసి, మూడోది డబ్బాలో పెట్టుకొచ్చాడు.

ఇంట్లోనే తిని వచ్చేవాళ్లు. కానీ ముందురోజు వార్డు సిస్టరు రాహేలమ్మకి ఫోను చేస్తే, "ఇన్నాళ్లూ తేలిగ్గా తిని రమ్మనేదాన్నమ్మా. ఇప్పుడు నన్నేమీ చెప్పొద్దన్నారు. డబ్బా పట్టుకుని రండి, ఇక్కడ చూసుకుందాం" అంది. ఆమెకి వైద్యం చేసే పెద్ద డాక్టరుగారు మొదటి రోజునే చీటీ మీద తేలికపాటి టిఫిను తిని రమ్మని రాశారు. కానీ చీటీ ఉత్తర్వు కాదుగా.

అసలీ బోర్డులకి ఒక చరిత్ర ఉంది. ఆసుపత్రి డైరెక్టరు డాక్టర్ భమిడి అనంతపద్మనాభంగారు వేసవిలో ఏదో కొండ మీద మూడు రోజుల సదస్సుకి వెళ్లారు. అక్కడికి వంటవాళ్లు రాలేదు. మూడు రోజులు మంచినీళ్లు తాగి ఉపన్యాసాలు విన్నాక ఆయనకి ఒళ్లు దూదిలా తేలిపోయింది. దాన్నాయన జ్ఞానోదయం అనుకున్నారు. దిగి వచ్చిన మర్నాడే నీలం బోర్డు వెలిసింది. ఆ తర్వాత ఆయనకి ఎదురుపడ్డ ప్రతివాడికీ, లిఫ్టు నడిపేవాడితో సహా, ఖాళీ కడుపు మహిమ చెప్పకుండా వదిలేవారు కాదు. లిఫ్టువాడు పాపం మధ్యలో దిగిపోయే వీల్లేనివాడు.

సరిగ్గా అదే వారంలో పోషకాహార విభాగానికి ఐదు కొత్త పోస్టులు మంజూరయ్యాయి. రోగులంతా పస్తులుంటే ఆ ఐదుగురూ ఎవరికి పోషణ గురించి చెప్పాలి? విభాగాధిపతి డాక్టర్ తటవర్తి సుభాషిణిగారు రాత్రికి రాత్రి పైవాళ్లకి రాసి ఎర్ర బోర్డుకి అనుమతి తెప్పించారు.

రెండు ఉత్తర్వులూ పరిపాలనాధికారి గరికిపర్తి విశ్వేశ్వరంగారి బల్ల మీదకొచ్చాయి. రెండింటి మీదా ఆయనే సంతకం పెట్టారు. సంతకం పెట్టడం ఆయన పని, చదవడం పని కాదు. ఏది పాటించాలని అడిగినవాళ్లకి మాత్రం ఓపిగ్గా విడమరిచి చెప్పేవారు. ఒక ఉత్తర్వు మరొక ఉత్తర్వును రద్దు చేయుచున్నట్లు అందులో స్పష్టముగా పేర్కొననంతవరకు రెండునూ సజీవముగా ఉన్నట్లే పరిగణింపబడును, అనేవారు. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని వినికిడి.

రెండూ సజీవంగా ఉన్నాయి కాబట్టి రెండింటికీ సర్టిఫికెట్లు కావాలి. తలుపుకి ఎడంపక్క ఉపవాస ధ్రువీకరణ కిటికీ, కుడిపక్క ఆహార ధ్రువీకరణ కిటికీ తెరిచారు. రెండు కాగితాలూ చేతిలో ఉన్నవాళ్లనే లోపలికి పంపాలి.

మంగతాయారు ముందు ఎడం కిటికీకి వెళ్లింది. అక్కడొక టెక్నీషియను ఆమె పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి గడియారం చూసుకుంటూ విన్నాడు. నిమిషంలో మూడుసార్లు గుర్రుమంటే ఉపవాసమున్నట్టు లెక్క. రాత్రి ఏడింటికి నాలుగు మెతుకులు తిన్న మనిషి, తెల్లారుజామున బస్సెక్కింది, మూతపెట్టిన డబ్బాలోంచి రొట్టె వాసన వస్తోంది. ఆమె పొట్ట అరనిమిషంలోనే ఏడుసార్లు గుర్రుమంది. టెక్నీషియను మెచ్చుకుంటూ ప్రథమ శ్రేణి అని రాసి ముద్ర కొట్టాడు.

కుడి కిటికీలో పోషకాహార విభాగం అమ్మాయి చెయ్యి చాపింది. "మా ఎదురుగా తినాలండి. తిన్నాక ఈ ఫారం మీద సంతకం పెడతాను. ఆ ఉపవాసం కాయితం ఇలా ఇచ్చేయండి."

"అదెందుకమ్మా?"

"తిన్నాక ఉపవాసం ఎలా చెల్లుతుందండి? రద్దు చేసి ఆ కిటికీకి పంపేస్తాం."

"మరి లోపలికి వెళ్లాలంటే రెండూ కావాలిగా?"

"కావాలండి" అంది ఆ అమ్మాయి. ఆ పిల్ల తప్పు కూడా లేదు. ఆమెకి ఇచ్చిన శిక్షణలో అంతవరకే చెప్పారు.

వెనకాల నిలబడ్డ ఏలేశ్వరం రైతు ఒకాయన నిట్టూర్చాడు. "నేను గురువారం నుంచి తిరుగుతున్నానండి. ఇక్కడ తింటే అక్కడ కాయితం పోద్ది. అక్కడ కాయితం రావాలంటే మళ్లీ పదారు గంటలు మాడాలి. అప్పటికి ఇక్కడి కాయితానికి గడువైపోద్ది. వచ్చినప్పుడల్లా తినమంటారు కదండి, రెండు కేజీలు పెరిగాను. మా ఆవిడ ఫోన్లో ఫొటో చూసి, వైద్యం బాగా చేస్తన్నారు, అక్కడే ఉండిపో అంది."

బెంచీల మీద ఇంకో పదిహేనుమంది ఉన్నారు. సగం మంది ఆకలితో, సగం మంది ఆయాసంతో.

సిస్టరు రాహేలమ్మ తలుపు కొంచెం తీసి, మంగతాయారుని చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "టీచరమ్మగారూ, మందు కలిపే గది పన్నెండింటికి మూసేస్తారండి. రేపు ఆదివారం. ఈలోపు మీరు లోపలికి రాకపోతే మళ్లీ వచ్చే శనివారమే."

పేర్రాజు మొహం వాడిపోయింది. రెండో కీమో ఒకసారి రక్తకణాలు తక్కువున్నాయని వారం వెనక్కి పోయింది. ఆ వారమంతా మంగతాయారు కంటిమీద కునుకు లేకుండా గడిపింది. లోపల ఆ రోగం ఈ వారంలో ఏం చేస్తోందో అని వినడానికి ప్రయత్నిస్తున్నట్టు పడుకునేది. అలాంటి వారం ఇంకొకటి పడటం ఆమె వల్ల కాదు. వాళ్లిద్దరికీ ఆ సంగతి తెలుసు.

"నేను పోయి గట్టిగా అడిగేస్తానుండు" అన్నాడు పేర్రాజు.

"మీరు కూర్చోండి" అంది మంగతాయారు. "గట్టిగా అడిగితే గట్టిగా కమిటీ వేస్తారు. మెత్తగా అడగాలి."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె పద్నాలుగు మంది సూపర్‌వైజర్లని చూసింది. కోడిగుడ్డు పిల్లల తూకాన్ని బట్టి కోసి పంచమన్న మహానుభావుణ్ణి కూడా చూసింది. అధికారికి తప్పని చెప్పకూడదు, స్పష్టత ఇప్పించమని అడగాలి. తప్పంటే వాళ్లు లేచి నిలబడతారు. స్పష్టత అంటే కూర్చుంటారు. ఆమె సంచీలోంచి తెల్లకాగితం తీసి, 'దిబ్బరొట్టె విషయమై స్పష్టత కోరుట గురించి' అని పైన రాసి గీత గీసి, కింద నాలుగు ముక్కలు వినయంగా రాసి, విశ్వేశ్వరంగారి గదిలోకి పంపించింది.

ఆయన చదివి ముచ్చటపడ్డారు. ఇన్నాళ్లకి విషయము, సూచిక, ప్రార్థన అన్నీ ఉన్న అర్జీ ఒకటి వచ్చింది. పావుగంటలో ఆహార నిరాహార సమన్వయ సంఘం అత్యవసర సమావేశం ఏర్పాటైంది. ప్రభావిత పక్షంగా మంగతాయారునీ, ఆమె భర్తనీ, డబ్బానీ లోపలికి పిలిచారు. డబ్బాని బల్ల మధ్యలో పెట్టించారు. అప్పటికి పదిన్నర.

విశ్వేశ్వరంగారు గొంతు సవరించుకున్నారు. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, రోగి ఏకకాలమున భుజించియు, భుజింపకయు ఉండుటకు గల మార్గములను ఈ సంఘము అన్వేషించవలసియున్నది. సభ్యులు తమ అభిప్రాయములను సెలవియ్యవచ్చును."

డైరెక్టరుగారు అప్పటికి పంతొమ్మిది గంటల ఉపవాసంలో ఉన్నారు. కళ్లు మెరుస్తున్నాయి, మాట మాత్రం కొంచెం తూలుతోంది. "ఆహారాన్ని వాసన చూస్తే సరిపోతుందని నా ప్రతిపాదన. వాసన ముక్కుకి సంబంధించింది. కడుపుకి తెలియదు. పోషకాహార విభాగం వారు దాన్ని ఆహారం కింద నమోదు చేసుకోవచ్చు."

"వాసనలో మాంసకృత్తులు ఎన్ని గ్రాములుంటాయి సార్?" అన్నారు సుభాషిణిగారు. "మా ఫారంలో ఆ గడి నింపకపోతే ముందుకు కదలదు. నా ప్రతిపాదన ఏమిటంటే, రోగి ముందు తినాలి. తిన్న తర్వాత, ఉపవాసం ఉన్నట్టు మనస్ఫూర్తిగా భావించాలి. భావనకి మా విభాగం అభ్యంతరం చెప్పదు."

"మనస్ఫూర్తిగా అనుట ధ్రువీకరించుట ఎట్లు?" అన్నారు విశ్వేశ్వరంగారు.

దాని మీద పది నిమిషాలు గడిచాయి. మంగతాయారు గోడగడియారం వంకే చూస్తోంది. ఈ పెద్దమనుషులు ముగ్గురి మీదా ఒక్కసారి గట్టిగా అరవాలనిపించింది, కానీ అరిచిన అర్జీలు ఎక్కడికి పోతాయో ఆమెకి తెలుసు.

చివరికి విశ్వేశ్వరంగారికే ఒక ఆలోచన వచ్చింది. "ఆస్తి వ్యవహారములలో ఒకరి పక్షమున మరియొకరు సంతకము చేయుట కలదు. అదే రీతిని రోగి పక్షమున ఆమె సహాయకుడు భుజించినచో, రోగి ఉపవాసమునకు భంగము కలుగదు, ఆహారమునకు లోపము జరుగదు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తేలిక మార్గం ఇన్నాళ్లూ ఎలా తట్టలేదని డైరెక్టరుగారు ఆశ్చర్యపోయారు. సుభాషిణిగారు అప్పుడే ఫారంలో పేర్రాజు బరువు, ఎత్తు రాయడానికి గడులు గీస్తున్నారు.

పేర్రాజు లేచి నిలబడ్డాడు. మామూలుగా ఆఫీసర్ల ముందు నోరు విప్పే మనిషి కాదు. "నేను తినేస్తే ఆవిడికి రుచెలా తెలుస్తదండి? ఇది నేను ఆవిడ కోసం కాల్చానండి. మళ్లీ పది రోజులదాకా ఆవిడికి ఏం తెలీదండి" అని, ఇంకేం చెప్పాలో తెలియక కూర్చున్నాడు.

"రుచి అనునది సంఘము పరిధిలోనికి రాదు" అన్నారు విశ్వేశ్వరంగారు నొచ్చుకోకుండానే.

సరిగ్గా ఆ సమయానికి క్యాంటీను నుంచి పళ్లెం వచ్చింది. నాలుగు ఇడ్లీలు, ఉప్మా పెట్టిన పెసరట్టు, అల్లం పచ్చడి, గ్లాసుడు కాఫీ. పదకొండు గంటల పళ్లెం అది, విశ్వేశ్వరంగారిది. ఆయన చేతులు తుడుచుకుని ఇడ్లీ తుంచారు. ఆ తుంచిన ముక్క వంక డైరెక్టరుగారు ఒక వైద్యుడు చూడకూడని చూపు చూశారు.

"తమరికి తెలియనిదేమున్నది, ఇవ్వాళ శనివారం" అన్నారు విశ్వేశ్వరంగారు, ఇంట్లో మనిషిలా. "నేను ఉపవాసం. శనివారాలు నేను అన్నం ముట్టను. ఇరవయ్యేడేళ్ల నుంచి స్వామికి మొక్కు."

గదిలో ఎవరికీ అందులో వింత కనపడలేదు. వాళ్లిళ్లల్లో కూడా శనివారం ఉపవాసం అంటే అదే. అన్నం తింటేనే తిన్నట్టు. ఎన్ని పెసరట్లు పడ్డా ఆ పూట ఆ మనిషి పస్తున్నట్టే, పాపం అని జాలి కూడా పడతారు.

మంగతాయారు మాత్రం తన దగ్గర చదువుకున్న పిల్లల్లాగా చెయ్యెత్తింది.

"చిన్న స్పష్టత కావాలండి."

"సెలవియ్యండి."

"తమరిప్పుడు ఉపవాసంలో ఉన్నారు కదండి?"

"నిస్సందేహముగా."

"ఆ ఇడ్లీ తిన్నాక కూడా ఉపవాసంలోనే ఉంటారు కదండి?"

"అందు అనుమానమేమున్నది?"

"అయితే నేను దిబ్బరొట్టె తిన్నా ఉపవాసంలోనే ఉంటాను కదండి. అన్నం ముట్టుకోలేదు. ఈ మాట తమరి నోటి మీదుగా వస్తే మా అందరికీ దారి దొరుకుతుందని నా ప్రార్థన."

విశ్వేశ్వరంగారి చేతిలో ఇడ్లీ ముక్క గాల్లో ఆగింది.

డైరెక్టరుగారు ముందు తేరుకున్నారు. "ఇది అశాస్త్రీయం. ఉపవాసం అంటే నీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. విశ్వేశ్వరంగారూ, మీది ఉపవాసం కాదు."

ఈ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. ఇరవయ్యేడేళ్లుగా విశ్వేశ్వరంగారు సెలవు చీటీల్లో తప్ప ఎక్కడా అబద్ధం రాసి ఎరగరు. విశ్వేశ్వరంగారు ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకున్నారు. వాదం మొదలైంది.

సుభాషిణిగారు వెంటనే మధ్యలోకొచ్చారు. "ఒక్క నిమిషం. ఈ దిబ్బరొట్టెలో ఏమేం పడతాయమ్మా?"

"మినప్పప్పు, జీలకర్ర, ఉప్పు" అని పేర్రాజు వేళ్లు మడిచాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కష్టపడి నేర్చుకున్న వంట, పూర్తిగా చెప్పకుండా ఉండలేకపోయాడు. "బియ్యం రవ్వ."

"బియ్యం" అన్నారు డైరెక్టరుగారు.

"బియ్యం" అన్నారు సుభాషిణిగారు, గెలిచినట్టు. "అంటే ఇది భోజనమే. ఈమె తింటే తిన్నట్టే. ఉపవాసం పోయినట్టే."

మంగతాయారు గడియారం వంక తలెత్తింది. గోడ మీద పదకొండూ పది. మొగుడి వంక చూసింది. అతను తన నాలుక కోసుకుందామా అన్నట్టు తల దించుకున్నాడు. ఆమెకి అతని మీద కోపం రాలేదు. బియ్యం రవ్వ ఎంత పొయ్యాలో కొలత తెలియక పక్కింటికి మూడుసార్లు పరిగెత్తిన మనిషి, ఆ కష్టాన్ని దాచుకోమంటే ఎలా దాచుకుంటాడు అనుకుంది.

కానీ బల్లకి అవతల విశ్వేశ్వరంగారి మొహం ఎవరూ చూడలేదు. ఆయన పళ్లెం వంక చూస్తున్నారు. ఇడ్లీలో పడేదీ ఆ రవ్వే. పెసరట్టులో కూడా కరకరలాడటానికి గుప్పెడు బియ్యం నానపోస్తారు, ఇంట్లో ఆయన భార్యా వేస్తుంది, ఆయనకి తెలుసు. ఇరవయ్యేడేళ్లు, ఏడాదికి యాభై రెండు శనివారాలు, పద్నాలుగు వందల పైచిలుకు ఉపవాసాలు. రవ్వ బియ్యమేనని ఈ సంఘం తీర్మానిస్తే, ఆ శనివారాలన్నీ ఒక్క కలంపోటుతో చెల్లకుండా పోతాయి. పైగా ఆ తీర్మానం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

ఆయన లేచి నిలబడ్డారు. ఉద్యోగంలో చేరాక ఒక సమావేశంలో ఆయన లేచి నిలబడటం అదే మొదటిసారి.

"సభ్యులు తొందరపడి చారిత్రక తప్పిదమునకు పాల్పడవలదని మనవి" అన్నారు. "బియ్యము వేరు. రవ్వ వేరు. మరలో పడి రవ్వగా మారిన పిదప బియ్యము తన పూర్వ స్థితిని, హోదాను, తత్సంబంధమైన సమస్త బాధ్యతలను కోల్పోవును. రిటైరైన ఉద్యోగిని మనము ఉద్యోగి అందుమా? రవ్వయు అట్టిదే. దీనిని బియ్యమనువారు ఎవరైననూ, కోట్లాదిమంది భక్తుల శనివారములపై వారే స్వయముగా వివరణ ఇచ్చుకొనవలసియుండును. సంజాయిషీ నోటీసు ఇవ్వమందురా?"

డైరెక్టరుగారు ఇవ్వొద్దన్నారు. ఆయన అత్తగారు కూడా శనివారాలుంటారు. ఆవిడకి నోటీసు ఇచ్చే ధైర్యం ఆయనకి లేదు. సుభాషిణిగారికి మంగళవారాలున్నాయి.

తీర్మానం రాయడానికి ఐదు నిమిషాలు పట్టింది: 'అన్నము కానిది ఏదైననూ ఉపవాసమునకు భంగకరము కాదు. నోటి ద్వారా లోనికి వెళ్లునది ఏదైననూ ఆహారమే. కావున దిబ్బరొట్టె తిన్న రోగి ఉపవాసమున్నట్లును, ఆహారము తీసుకొన్నట్లును ఏకకాలమున పరిగణింపబడును. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మాలకు కూడా ఇది వెనుకటి తేదీల నుండి వర్తించును.' చివరి వాక్యం విశ్వేశ్వరంగారు తన చేత్తోనే చేర్చి, రెండుసార్లు చదువుకుని, కళ్లు తుడుచుకున్నారు.

బయట ఈ వార్త తెలిసి ఏలేశ్వరం రైతు ఆనందంతో ఏడ్చాడు. మూడు రోజులుగా తాను తిన్నదంతా ఉపవాసమేనని అప్పుడే తెలిసింది ఆయనకి.

అంతటితో అయిపోవాల్సింది. కానీ డబ్బాలో ఉన్నది దిబ్బరొట్టేనని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి కదా. విశ్వేశ్వరంగారు మూత తీయించారు. ఏసీ గదిలో మినప్పప్పు కాలిన వాసన గుప్పుమంది. ఆయన అంచున చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, దిబ్బరొట్టే, అని రాసుకున్నారు. మాంసకృత్తుల గడి నింపడానికి సుభాషిణిగారు ఇంకాస్త పెద్ద ముక్క తీసుకున్నారు. ఆ తర్వాత డబ్బా డైరెక్టరుగారి ముందుకి జరిగింది. నాణ్యత పరిశీలనకి అని ఒక ముక్క తిన్నారు. సరిపోల్చి చూడటానికి అని రెండోది తిన్నారు. మూడో ముక్కకి కారణమేమీ చెప్పలేదు. పంతొమ్మిది గంటల జ్ఞానోదయం ఆయన గడ్డం మీద పొడిపొడిగా రాలుతోంది. నాలుగో ముక్కకి చెయ్యి సాగింది.

మంగతాయారు లేచి వెళ్లి డబ్బా తన వైపుకి లాక్కుని మూత పెట్టేసింది.

"ఇది నాదండి" అంది. ఈసారి స్పష్టత అడగలేదు. "మా ఆయన నాకోసం చేశారు. పొద్దున్నించీ నేను ఆకలితో ఉన్నాను. కాసేపట్లో సూది పెడతారు, ఈ సాయంత్రం నుంచి నాకు ఏదీ రుచి ఉండదు. మిగిలింది నేను తింటాను."

డైరెక్టరుగారి చెయ్యి అలాగే బల్ల మీద ఆగిపోయింది. ఆయనకి సిగ్గేసింది. ఆ సంగతి మొహం మీద కనపడింది కూడా. "తినండమ్మా, తినండి" అన్నారు నెమ్మదిగా. తర్వాత పేర్రాజు వైపు తిరిగి, "సెగ ఎంతసేపు పెట్టారు?" అని అడిగారు.

బయటికొచ్చేసరికి పదకొండూ ముప్పై అయిదు. నడవాలో బెంచీ మీద కూర్చుని మంగతాయారు డబ్బా తెరిచింది. సగానికి పైగా పోయింది. అంచుల కరకర కమిటీయే తినేసింది. పేర్రాజు గడియారం వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూస్తున్నాడు, కానీ తొందరపడమని అనలేదు.

ఆమె ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలి ఆగిపోయింది.

పేర్రాజు ముందుకి వంగాడు. "ఏం తాయారూ, తెలవట్లేదా?"

"ఉప్పెక్కువేశారు" అంది.

అతను డబ్బాలోకి తొంగి చూశాడు.

"అడుగు మాడ్చారు. పప్పు ఇంకో గంట నాననిస్తే మెత్తగా వచ్చేది. జీలకర్ర నలిపి వెయ్యాలి, అలాగే పారేశారు." ఆమె ఇంకో ముక్క తుంచుకుంది. "రవ్వ కూడా కడగలేదు మీరు. నాకు తెలుస్తోంది."

నలభై ఏళ్లలో పేర్రాజు ఆమె చేత చాలాసార్లు మాటలు పడ్డాడు. ఇంత హాయిగా ఎప్పుడూ పడలేదు. భుజం మీది తువ్వాలుతో కళ్లద్దుకుని, "ఇంకా?" అన్నాడు.

రాహేలమ్మ తలుపు తీసి తల బయటపెట్టింది. చేతిలో ఫారం ఉంది. "టీచరమ్మగారూ, మందు కలపమని చెప్పేశానండి. ఇక్కడొక్క గడి ఉండిపోయింది. ఏమని రాసుకోను, తిన్నారా, ఉపవాసమా?"

"ఉపవాసమేనమ్మా" అంది మంగతాయారు నోటినిండా. "ఇంకో రెండు ముక్కలున్నాయి. పూర్తిచేసుకుని వచ్చేస్తాను."